మైలతుత్తం కలిపిన జిగురు

పాతపట్నం స్టేషన్ బయట ఒక కుర్రాడు గోడకి సినిమా పోస్టరు అంటిస్తున్నాడు. బకెట్లో చీపురుకట్ట ముంచి గోడకి పూసి, కాగితం పరిచి, మళ్ళీ పైనుంచి పూస్తున్నాడు. బ్యాగు కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను.

"ఏటి బాబూ?" అన్నాడు.

"తుత్తం కలిపేవా?"

"కలపకపోతే పురుగు తినేస్తాది గదా!"

ఉడికిన మైదా, అందులో చిటికెడు మైలతుత్తం. మా ఇంటి వాసన అది. నాన్న చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా వేళ్ళ సందుల్లో అది ఉండిపోయేది. "తుత్తం విషం, ఆ చేత్తో పిల్లలకి ముద్దలు పెట్టకండి" అని అమ్మ గోల. అయినా ఆయన పెట్టేవాడు, మేం తినేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు. కనీసం తుత్తం వల్ల కాలేదు.

నాన్న పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి వెళ్తున్నాను. పాతపట్నం ఆంధ్రా, అక్కణ్ణించి ఆటో ఎక్కితే కాసేపట్లో పర్లాకిమిడి, ఒడిశా. చిన్నప్పుడు మాకు సినిమా ఒక రాష్ట్రంలో, బడి ఇంకో రాష్ట్రంలో. నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్న రైలు ఉండేది. దానికి తొందర తెలీదు. కుర్రాళ్ళు నడుస్తున్న రైలు దిగి, పక్కనే పరిగెత్తి, మళ్ళీ ఎక్కేవాళ్ళు. 2004లో అది ఆగిపోయింది. ఇప్పుడు పెద్ద పట్టాల మీద పెద్ద రైలు వస్తోంది. సౌకర్యమే, కాదనను. కానీ ఆ చిన్న ఇంజను కూత వినిపిస్తే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇప్పుడు దేన్ని బట్టి పెడుతున్నారో తెలీదు.

*

నాన్నది బైండింగ్ కొట్టు. కొట్టంటే మా వీధిగదే. వకీళ్ళ లా పుస్తకాలు, కాలేజీ లైబ్రరీ పుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు, జూన్ నెలొస్తే బడిపిల్లల పుస్తకాలు. అటక మీద అట్టలు, మేకుకి వేలాడే దారపు చిలపలు, మూలన బిగింపు చెక్క. దబ్బనం కాగితాల్లోంచి దిగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. చెప్పమంటే చెప్పలేను గానీ ఇప్పటికీ నిద్రలో వినిపిస్తే లేస్తాను.

నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఒక పని అప్పజెప్పాడు. పేజీలు చూడటం. విడదీసిన ఫారాలు మళ్ళీ కట్టే ముందు ఒక పేజీ చివరి మాట, తర్వాతి పేజీ మొదటి మాట కలుస్తున్నాయో లేదో చదివి చూడాలి. పేజీ అంకెలు చూస్తే సరిపోదా అంటే, "అంకెలు అబద్ధమాడతాయిరా, మాట ఆడదు" అనేవాడు. చిరిగిన పాత పుస్తకాలకి అంకెలే ఉండేవి కావు మరి.

అలా తెలుగూ ఒడియా రెండూ నాకు పేజీల అంచుల దగ్గర వచ్చాయి. చివరి మాట ఒకటి చదివి ఊరుకునేవాణ్ణి కాదు. ముందు వాక్యం కూడా చదివేవాణ్ణి. తర్వాత పేరా. నాన్న చేతులు పని చేస్తుండేవి, నోరు రాజకీయం మాట్లాడుతుండేది. చెవి ఆయనకిచ్చి కన్ను కాగితానికిచ్చి కూర్చునేవాణ్ణి. చెవిలో పడేదీ కంట పడేదీ ఒకటి కావని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

*

ఆ ఇంట్లో రెండు కోపాలుండేవి. ఒకటి తాతది, ఒకటి నాన్నది.

తాతది పాత కోపం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి పట్నం ఒడిశాకి పోయింది, టెక్కలి వైపు మద్రాసు ప్రెసిడెన్సీలో మిగిలింది. మా తాత లెక్కలో అది చేసింది ఒక్కడే మనిషి, మహారాజా కృష్ణచంద్ర గజపతి. "ఒక్క సంతకంతో మనల్ని అవతలికి తోసేసేడు" అనేవాడు. ఆ మరుసటేడు ఆ రాజే ఒడిశా మొదటి ప్రధానమంత్రి అయ్యాడు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. తాతకి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ విలీనం ఒప్పుకోలేక, ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. "నేను బండి దాకా వెళ్ళి దణ్ణం పెట్టేను" అని తాత చెప్పేవాడు. అప్పటికి తాతకి ఇరవై ఏళ్ళు కూడా లేవు. నిజంగా వెళ్ళాడో, ఎవరో చెప్పింది విని తనదిగా చేసుకున్నాడో. ఒక్కోసారి ఆ కథలో పంతులుగారు తాత తల నిమిరేవారు, ఒక్కోసారి నిమిరేవారు కాదు.

ఏప్రిల్ 1 మా బళ్ళో ఉత్కళ దివస్. జెండా, పాట, ఒడియా మేష్టారి ఉపన్యాసం, చివర్లో కాగితంలో చుట్టిన బూందీ. ఒక ఏడాది ఆ పొట్లం ఇంటికి తెచ్చాను. తాత అరుగు మీద కూర్చున్నాడు. "ఏటిరా అది?" అన్నాడు. చెప్పాను. ఏమీ అనలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాడు, అంతే. తిడితే బాగుండేది. వీధి చివర కాలవ దాకా వెళ్ళాను పారేద్దామని. అక్కడ కూర్చుని మొత్తం తినేశాను. తీపి గొంతులో అడ్డం పడటం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఏటా ఆ బూందీ బళ్ళోనే తినేసి, మూతి తుడుచుకుని వచ్చేవాణ్ణి.

చాలా రోజులకి ఒక ఒడియా వకీలుగారు పాత వ్యాసాల కట్ట బైండింగుకి పంపారు. పేజీలు చూస్తుంటే గంజాం జిల్లా ఒడియా వాళ్ళ మొర తగిలింది. మద్రాసు కింద ఉన్నన్నాళ్ళూ కచేరీల్లో, బళ్ళలో తెలుగుదే పెత్తనమైపోయిందని, తమ పిల్లలకి తమ అక్షరాలు రాకుండా పోతున్నాయని. 1903లో కటకంలో మధుసూదన్ దాస్ ఉత్కళ సమ్మిళని అనే సంఘం పెట్టిన దగ్గర్నుంచి రాష్ట్రం వచ్చేదాకా ముప్పై మూడేళ్ళ గోడు. ఒక్క సంతకం కాదు. మా తాత ఏ మాటలతో ఏడ్చేవాడో సరిగ్గా ఆ మాటలే, ఒడియాలో ఉన్నాయి. తాతకి చదివి వినిపించాలనుకున్నాను. ధైర్యం చాల్లేదు. పేజీలు సరిపోయాయి అని నాన్నతో చెప్పి కట్ట ఇచ్చేశాను.

*

నాన్నకి రాజు గొడవ పట్టదు. ఆయన కోపం కాంగ్రెస్ మీద. "ఆపరేషన్ పార్టీ" అనేవాడు. ఇందిరాగాంధీ ఫొటో ఉన్న కేలండరు ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. ఎవరైనా ఇస్తే దాని వెనక్కి తిప్పి పుస్తకాలకి లోపలి కాగితంగా అంటించేసేవాడు. మా ఊరి చాలా ఇళ్ళలో ఆవిడ అలా అట్టల లోపల మొహం చాటేసుకుని ఉంటుంది.

ఎర్రజెండా అన్నా పడేది కాదు. దానికి కారణం భయం. 1967లో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కోరన్న, మంగన్న అనే గిరిజనులని కాల్చి చంపిన తర్వాత ఆ కొండల్లో ఉద్యమం రగిలింది. 1970లో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయేదాకా మా వైపు కూడా కాగితం ముట్టుకునేవాళ్ళందరి మీదా అనుమానమేనట. బైండింగ్ కొట్టంటే కాగితాలే కదా. అయితే మా వీధిలో ఉన్న ఎర్రజెండా మేష్టారు ఓట్లకి నిలబడే పార్టీ మనిషి, తుపాకీకీ ఆయనకీ సంబంధం లేదు. నాన్నకి ఆ తేడాలు అక్కర్లేదు. "అందరూ ఒక తాను గుడ్డే."

ఆ మేష్టారు ఏటా వారపత్రికల కట్ట తెచ్చేవారు. నాన్న గొణిగేవాడు, రేటు ఎక్కువ చెప్పేవాడు, చివరికి పని మాత్రం అందరికంటే బాగా చేసేవాడు. ఆయన పుస్తకాల వెన్నుకి మంచి కాలికో గుడ్డ వేసేవాడు. ఎందుకని అడిగితే "మళ్ళీ రాకుండా" అన్నాడు. గట్టిగా కడితే ఊడిపోదు, ఊడకపోతే మళ్ళీ రాడు. ఏటా కొత్త కట్టతో ఆయన వస్తూనే ఉన్నారు. ఇంకో సంగతి, మా నోటు పుస్తకాలన్నిటికీ అట్టలు వేసింది 'సోవియట్ భూమి' నున్నటి కాగితాలతోనే. తిట్టే నోటికీ అట్ట వేసే చేతికీ మా నాన్న దగ్గర పొత్తు ఉండేది కాదు.

*

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

1980 జనవరి ఎన్నికలు. నాకు పదేళ్ళు. ఎన్నికలంటే మాకు పండగ. జీపుకి కట్టిన మైకు ఒకే వాక్యాన్ని రెండు భాషల్లో అరిచేది: "హాత చిహ్నరే భోట్ దియంతు, హస్తం గుర్తుకే మీ ఓటు." వెనకాల పరిగెత్తితే రంగు కాగితాలు విసిరేవాళ్ళు. గులాబీ కాగితాలకి విలువ ఎక్కువ. జేబుకి పెట్టుకునే రేకు బిళ్ళ దొరికితే ఆ రోజు వాడే రాజు. ఆ పది రోజులూ మా ఇంట్లో జిగురు పెద్ద అండాలో ఉడికేది. నాన్న తన పార్టీ వాళ్ళకి ఊరికే ఇచ్చేవాడు. చేతి గుర్తు వాళ్ళు డబ్బులిస్తామన్నా "అయిపోయింది" అనేవాడు, అండా కనబడుతూనే ఉండేది.

నా బెంచీలో పక్కనే కూర్చునేవాడు బియ్యం మిల్లు వాళ్ళబ్బాయి. వాళ్ళ నాన్న కాంగ్రెస్. వాళ్ళ మేడ మీద జెండా. వాడు మంచివాడు. లెక్కలు చూపించేవాడు, వాళ్ళ పెరట్లో ఉసిరికాయలు తెచ్చేవాడు. నాన్నకి తెలీకుండా స్నేహం చేసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం బళ్ళో గుర్తుల గొడవ మొదలైంది. మా గుర్తు గొప్ప, మా గుర్తు గొప్ప. వాడు సాధారణంగా గొడవల్లోకి రాడు. ఆ రోజు ఎవరో రెచ్చగొడితే "మేమే గెలుస్తాం" అన్నాడు. నేను లేచి నిలబడి, అచ్చం నాన్న గొంతుతో, నాన్న లాగే చెయ్యి విదిలించి అన్నాను:

"పోరా, ఆపరేషన్ పార్టీ! ఆపరేషన్ పార్టీ!"

నలుగురు అందుకున్నారు. బెంచీల మీద దరువేస్తూ పాటలా పాడారు. వాడు నా వైపు చూసిన చూపు ఇంకా కళ్ళ ముందే ఉంది. కోపం లేదు. నువ్వా, అన్నట్టు చూశాడు. తర్వాత బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

వాళ్ళమ్మకి వారం క్రితం బరంపురం పెద్దాసుపత్రిలో కడుపు కోసి ఆపరేషన్ చేశారు. బతుకుతుందో లేదో ఎవరికీ తెలీదు. క్లాసులో నా ఒక్కడికే ఆ సంగతి చెప్పాడు, రహస్యంగా, ఉసిరికాయలు పంచుకుంటూ. ఆ రహస్యాన్ని నేను పాట కట్టాననుకున్నాడు.

నాకు నిజంగా ఆ ఆలోచనే లేదు. ఆపరేషన్ పార్టీ అంటే ఏమిటో కూడా నాకు తెలీదు! అది కాంగ్రెస్‌కి ఇంకో పేరనుకున్నాను, అంతే. మేష్టారు వచ్చి "ఆ మాటకి అర్థం చెప్పరా" అన్నారు. చెప్పలేకపోయాను. "అర్థం తెలీని మాట ఎందుకన్నావు?" దానికీ జవాబు లేదు. బెత్తంతో కొట్టారు. ఆ దెబ్బలకి ఏడవలేదు.

వాళ్ళమ్మ బతికి వచ్చింది. వాడు మాత్రం బెంచీ మారిపోయాడు. ఇంటికెళ్ళి జరిగింది చెబితే నాన్న పకపకా నవ్వాడు. "బాగా అన్నావురా!" అని భుజం తట్టాడు. ఆపరేషన్ సంగతి నేను చెప్పలేదు మరి. ఆ చెయ్యి భుజం మీద నుంచి ఎప్పుడు తీస్తాడా అని ఉంది నాకు.

*

అర్థం చాలా ఏళ్ళకి తెలిసింది, అమ్మ ద్వారా. చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది.

మా బాబాయి ఒక సర్కారు ఆఫీసులో బంట్రోతు. ఎమర్జెన్సీ రోజుల్లో కుటుంబ నియంత్రణకి ఇంతమందిని తేవాలని ఉద్యోగులకి లెక్క కట్టారు. తేలేనివాడు తనే వెళ్ళాలి. జీతం ఆపేస్తామన్నారు. బాబాయి వెళ్ళాడు. ఇరవై ఏడేళ్ళు. అప్పటికి వాళ్ళకి ఒక్కతే పిల్ల. రెండేళ్ళు తిరక్కుండా ఆ పిల్ల జ్వరంతో పోయింది.

బాబాయి, పిన్ని మా ఇంటికి వస్తే నన్నూ తమ్ముణ్ణీ ఎందుకంత సేపు ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళో అప్పుడు అర్థమైంది. నాన్న కోపానికి కారణం ఉంది. గట్టి కారణమే. నేనైనా అంతే కోపం తెచ్చుకునేవాణ్ణి. కానీ ఆ కారణం ఆయన ఒక్కసారి కూడా మాకు చెప్పలేదు. తమ్ముడి పరువు అనుకున్నాడో, పిల్లలకి చెప్పే విషయం కాదనుకున్నాడో. కారణం ఆయన కడుపులో దాచుకున్నాడు, కోపం మాత్రం మాకు పంచిపెట్టాడు. అది మేం పట్టుకెళ్ళి, ఎవరి మీద విసరకూడదో వాడి మీద విసిరాం.

*

1989లో నా మొదటి ఓటు. ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దించడంతో పంతొమ్మిదేళ్ళకే వచ్చింది. బరంపురం లోక్‌సభ సీటుకి కాంగ్రెస్ తరఫున గోపీనాథ్ గజపతి. తాత తిట్టిన మహారాజుకి మనవడు, నాన్న తిట్టే పార్టీ. రెండు తరాల కోపం ఒకే గుర్తు మీదికి వచ్చి చేరింది. తాత అప్పటికి లేడు, ఉంటే ఆ ఓటు కాగితాన్ని చింపేసేవాడు.

నాన్న దారంతా చెప్పుకుంటూ వచ్చాడు, ఎక్కడ గుద్దాలో. అట్ట తడిక వెనక ముద్ర చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అక్కడ ఎవరూ లేరు. అయినా నాన్న ఊపిరి వినిపిస్తున్నట్టే ఉంది. ఆయన చెప్పిన చోటే గుద్దాను. గోపీనాథ్ గజపతే గెలిచాడు. నాకు విచారమూ లేదు, సంతోషమూ లేదు. నేను వేసిన ఓటైతే కదా.

1996లో అసలు తమాషా. పి.వి. నరసింహారావు నంద్యాలతో పాటు మా బరంపురం నుంచి కూడా నిలబడ్డారు. ప్రధానమంత్రి, తెలుగువాడు. మా వాళ్ళలో కాంగ్రెస్ అంటే గిట్టనివాళ్ళు కూడా "మనోడు కదా" అనడం మొదలుపెట్టారు. నాన్నకి నిద్ర పట్టలేదు. నెల రోజులు రాజకీయం మాట్లాడలేదు. అదే మొదటిసారి, అదే ఆఖరు. దబ్బనం చప్పుడు తప్ప కొట్టులో ఇంకేమీ వినిపించేది కాదు. ఓటేసి వచ్చి, చెప్పులు విప్పి, చెంబుడు నీళ్ళు తాగాడు.

"ఎవరికేసేరు?" అంది అమ్మ.

"అన్నం పెట్టు" అన్నాడు.

పి.వి. రెండు చోట్లా గెలిచి మా సీటే ఉంచుకున్నారు. నాన్న ఎవరికేశాడో మాకు తెలీదు. ఇరవై ఎనిమిదేళ్ళు అడిగినా చెప్పలేదు. నాకైతే మా నాన్న మొత్తం జీవితంలో ఆ నెల రోజులే బాగా ఇష్టం.

*

మా నాన్న పోయినప్పుడు మిల్లు వాళ్ళబ్బాయి వచ్చాడు. పాడె ఒక కొమ్ము పట్టాడు. తలంతా నెరిసిపోయింది. కూర్చుని టీ తాగాం, రైలు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఆ మాట ఎత్తుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. వాడికి గుర్తులేకపోతే నేను చిన్నబోతాను, గుర్తుంటే ఇంకా చిన్నబోతాను. వెళ్ళేటప్పుడు "ఉసిరిచెట్టు ఇంకా ఉందిరా" అన్నాడు. గుర్తుందనే నా అనుమానం.

నేనేదో మారిపోయానని కాదు. 2024 మే 13న విశాఖలో మా అమ్మాయి మొదటి ఓటు. అంతకు ముందు నెలంతా టీవీలో ఒకాయన కనబడగానే నేను నాలిక చప్పరించడం, ఇంకొకాయన వస్తే సౌండు పెంచడం. ఒక్క మాట అనలేదు, ఎంత పెద్దమనిషినో అనుకున్నాను. బూత్ నుంచి వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "మీ రిమోట్ చెప్పినట్టు మాత్రం వెయ్యలేదు నాన్నా" అంది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు నేను. వాళ్ళ తాతే నయం అనిపించి ఉంటుంది దానికి.

*

తద్దినం అయ్యాక అందరం వీధిగదిలో కూర్చున్నాం. తమ్ముడు ఇప్పుడు అక్కడ జెరాక్స్, స్పైరల్ బైండింగ్ పెట్టాడు. దానికి జిగురుతో పని లేదు. నాన్న బిగింపు చెక్క మీద కాగితాల డబ్బాలు పెట్టుకున్నాడు.

టీవీలో వార్తలు వస్తున్నాయి. ఎవరో నాయకుడు చెయ్యి ఊపాడు. తమ్ముడి కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, ఒక్కసారి లేచి చెయ్యి విదిలించి అన్నాడు: "దొంగ నాయాళ్ళు!"

అదే గొంతు. అదే విదిలింపు, మణికట్టు దగ్గర ఆ చిన్న తిప్పుతో సహా. అమ్మ కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు "అచ్చం నాన్నే" అన్నాడు మురిసిపోతూ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

తర్వాత వాణ్ణి దగ్గరికి పిలిచి "ఏం దొంగిలించార్రా వాళ్ళు?" అనడిగాను.

కాసేపు ఆలోచించాడు. "తెలీదు. తాతయ్య చెప్పేడు."

"అడగలేదా తాతయ్యని?"

"లేదు." కాలితో నేల రాసి, "నువ్వు చెప్పు పెదనాన్నా. ఏటి దొంగిలించేరు?"

నోరు తెరిచాను. నాన్న వాక్యాలు వరసగా వచ్చి నిలబడ్డాయి, సిద్ధంగా, ఒకదాని వెనక ఒకటి. వాటి మధ్యలో నావి ఏవో వెతుక్కుంటున్నాను. ఈలోగా వాడికి విసుగొచ్చి, జెరాక్స్ మిషను కింద పడిన కాగితాలు ఏరుకుని, వాటితో పడవలు చేసుకోడానికి కాలవ వైపు పరిగెత్తాడు.